సుంకులమ్మ అడిగిన ఆకు

ఆ ఎండాకాలం ఎర్రగవి మఠంలో పుట్టిన మూడో దూడ కూడా గుడ్డిదే.

తెల్లవారుజామున పుట్టింది. పొద్దు నడినెత్తికి రాకముందే, మఠం పారుపత్యం చూసే శరభప్ప పశువుల కొట్టంలో పనిచేసే సుంకులమ్మను బయటికి వెళ్ళగొట్టాడు. ఆ పని చాటుగానైనా చేయలేదు. ఆవేళ సోమవారం. చుట్టుపక్కల పల్లెల నుంచి దర్శనానికి వచ్చిన జనం అరవై డెబ్భై మంది వాకిట్లో ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఆమెను నిలబెట్టి గొంతు చించుకున్నాడు.

"మొగుణ్ణి మింగింది చాలక మఠం ఆవుల మీద పడింది. దీని చేయి తగిలిన ఆవుకల్లా గుడ్డి దూడే. ఈ పొద్దు మొదలు ఇది ఈ గడప తొక్కడానికి లేదు!"

జనంలో ఒక్కరూ నోరు మెదపలేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళయితే ఆమె నీడ పడకుండా చంటిబిడ్డల్ని కొంగు చాటుకు లాక్కున్నారు.

సుంకులమ్మకు యాభై దాటాయి. మొగుడు పోయిన ఏడు ఆ కొట్టంలోకి వచ్చింది, పదహారేళ్ళు చేసింది. మఠంలో ఉన్న ఇరవై రెండు ఆవుల్లో పద్ధెనిమిది ఆమె చేతుల మీద పుట్టినవే. ఆమె ఏడవలేదు. చేతిలో ఉన్న పలుపు తాడు గోడ మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్క మాట మాత్రం అంది.

"మునిమాపున ఎర్రావు గుంజకు గుద్దుకుంటాది. దానికి చూపు ఆనదు. మెడ మీద చేయేసి నడిపించండి."

ఆ మాట అని వెళ్ళిపోయింది.

రేవణయ్య ఇదంతా పక్కవాకిలి దగ్గర నిలబడి చూశాడు. అతని నెత్తిన తమలపాకుల గంప ఉంది. గంప దించేలోపే అంతా అయిపోయింది.

ఒళ్ళు భగ్గుమంది అతనికి. రేవణయ్య మఠానికి వచ్చి పదకొండేళ్ళు. స్వామివారి శిష్యుల్లో అన్యాయం చూస్తే ఆగలేడని అతనికి పేరు. ఆ పేరంటే అతనికీ ఇష్టమే. గంపను అక్కడే వదిలేసి, దారికి అడ్డమొచ్చిన వాళ్ళను తోసుకుంటూ గురువుగారి గదికి నడిచాడు.

మరుళయ్య స్వామి మూడు నెలల సంచారం ముగించుకుని అంతకు నాలుగు రోజుల ముందే తిరిగొచ్చారు. డెబ్భై అయిదేళ్ళ మనిషి. చిరిగిన కంబళి ఒళ్ళో వేసుకుని కుట్లు వేసుకుంటున్నారు.

"అయ్యవారూ, వాకిట్లో జరిగింది మీకు వినపడిందా?"

"వినపడింది."

"వినీ కూర్చున్నారా!" రేవణయ్య గొంతు గోడలకు కొట్టుకుంది. "పదహారేళ్ళు పేడ ఎత్తిన మనిషిని పురుగును విదిలించినట్టు విదిలించాడు. ఆమె చేయి తగిలితే దూడలు గుడ్డివవుతాయా? ఇది మఠమా, మంత్రగాళ్ళ గుడిసెనా? శరభప్పను ఇప్పుడే పిలిపించండి. అందరి ముందూ ఆమెను క్షమించమని అడగాలి. అడగకపోతే మనం రోజూ చేసే పూజకు అర్థమే లేదు."

సూది ఆగింది.

"ఆవులు ఇవాళ నీళ్ళు తాగాయా?" అన్నారు స్వామి.

రేవణయ్యకు తను సరిగ్గా విన్నాడో లేదో అర్థం కాలేదు.

"ఏమన్నారు?"

"నీళ్ళు. తాగాయా అని."

"నాకేం తెలుసు అయ్యవారూ? అది కొట్టం వాళ్ళ పని."

"చూసి రా."

కోపాన్ని పళ్ళ మధ్య పట్టుకుని కొట్టానికి వెళ్ళాడు. అటు వెళ్ళి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తు లేదు. ఆవుల వెంట్రుకలు చింపిరిగా లేచి ఉన్నాయి. కళ్ళ వెంట నీరు కారి చెంపల మీద చారికలు కట్టింది. పేడ గట్టి ఉండలుగా పడి ఉంది. రాతితొట్టి అడుగున జానెడు నీళ్ళు, వాటి మీద పాచి. ఒక ముసలావు తొట్టి అంచును నాకుతోంది. నీళ్ళను కాదు, రాతిని.

ఇదంతా రేవణయ్య కళ్ళ ముందే ఉంది. కానీ అతని బుర్ర నిండా శరభప్పను అనాల్సిన మాటలే తిరుగుతున్నాయి. చప్పున వెనక్కి వచ్చాడు.

"తాగాయి."

"ఎన్నిసార్లు?"

"పొద్దున ఒకసారి. ఎండలు ముదిరినప్పటి నుంచి అంతే. బావి నుంచి నీళ్ళు తోడే కపిల ఎద్దులు అలిసిపోతున్నాయి. తోటకు తడి పెట్టాక మిగిలిన నీళ్ళు తొట్టికి వదులుతారు."

"ఏం తిన్నాయి?"

"జొన్నచొప్ప. భక్తులు తెచ్చిన చెనక్కాయల పిండి కూడా ఉంది. ఈ కరువులో మన ఆవులు తిన్నట్టు ఏ ఊళ్ళోనూ తినడం లేదు."

"పచ్చిది?"

"మూడేళ్ళుగా చినుకు లేదు. పచ్చిది ఎక్కడినుంచి వస్తుంది?" రేవణయ్య ఇక పట్టలేకపోయాడు. "నేను న్యాయం అడుగుతుంటే మీరు మేత గురించి అడుగుతారేమిటి అయ్యవారూ? అక్కడ ఒక ఆడమనిషి పరువు తీశారు!"

స్వామి మళ్ళీ సూది అందుకున్నారు.

గురువు చేయకపోతే తానే చేద్దామనుకున్నాడు రేవణయ్య. శరభప్ప కొట్టుగదిలో ధాన్యం కొలిపిస్తున్నాడు. రేవణయ్య గుమ్మంలో నిలబడి మొదలుపెట్టాడు. దిక్కులేని మనిషి మీద నోరు పారేసుకోవడం మగతనమా అన్నాడు. దేవుడి పేరు చెప్పుకుని బతుకుతూ దెయ్యాల మాటలు మాట్లాడుతున్నావన్నాడు. అరుపులకు జనం పోగయ్యారు.

శరభప్ప మొదట తగ్గాడు. తర్వాత అతనూ లేచాడు.

"సరే, ఆమె వల్ల కాదు. మరి ఎవరి వల్ల? వరసగా మూడు దూడలు. నువ్వు చెప్పు, వింటాను."

"ఎవరి వల్లో నాకేం తెలుసు? ఆమె వల్ల మాత్రం కాదు!"

"తెలియనివాడివి మరి ఎందుకు అరుస్తావు?"

రేవణయ్య ఇంకా గట్టిగా అరిచాడు. బయటికి వస్తుంటే ఒక ముసలాయన అతని భుజం తట్టి, "ఇంతమందిలో నోరున్నవాడివి నువ్వొక్కడివే నాయనా" అన్నాడు. రేవణయ్యకు గుండె తేలికైంది. మధ్యాహ్నం పాడైన ఆకలి కూడా తిరిగొచ్చింది.

పొద్దు వాలాక ఎప్పటిలాగే ఆకుతోటకు వెళ్ళాడు. మఠానికి తూర్పున ఎకరం నేల. వరసలు వరసలుగా అవిసె చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన తమలపాకు తీగలు. కింద కాలువల్లో నీళ్ళు మెల్లగా పారుతున్నాయి. చుట్టూ నాలుగు కోసుల మేర నేల మాడి ఎర్రబడి ఉంటే, ఆ ఎకరం మాత్రం చల్లగా, చీకటిగా, తడివాసనతో ఉంది. తొమ్మిదేళ్ళ కిందట రేవణయ్య తన చేత్తో నాటిన తోట అది. దేవుడి తాంబూలానికీ, వచ్చిన భక్తులకూ ఆకు అక్కడిదే. "రేవణయ్య ఆకు నోట్లో వెన్నలా కరుగుతుంది" అని దూరపు ఊళ్ళలో కూడా చెప్పుకుంటారు.

తీగలు సర్దుతూ తలెత్తి చూస్తే, కొట్టం ముందు స్వామివారు కనిపించారు. ఎర్రావు మెడ మీద చేయి వేసి, అడుగులో అడుగు వేయిస్తూ గుంజల మధ్య నుంచి లోపలికి నడిపిస్తున్నారు. మధ్యలో ఒకసారి చేయి తీసి చూశారు. ఆవు నేరుగా వెళ్ళి గుంజకు తల కొట్టుకుంది. స్వామి దాని నుదురు నిమురుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే తోటలో ఏదో విరుగుతున్న చప్పుడు.

రేవణయ్య పరుగెత్తాడు. మరుళయ్య స్వామి పంచె ఎగగట్టి, కొడవలి కట్టిన దోటితో అవిసె కొమ్మలు లాగి దించుతున్నారు. అప్పటికే ఒక వరస మొత్తం బోసిపోయింది. రెండో వరస సగమైంది. నీడ పోయిన తీగల మీద ఎండ సూటిగా పడుతోంది.

"అయ్యవారూ! ఏం చేస్తున్నారు? ఆపండి!"

స్వామి ఆపలేదు. ఇంకో కొమ్మ విరిగి పడింది.

"నీడ లేకపోతే తీగ బతకదు! మధ్యాహ్నానికి మాడిపోతుంది!"

"మాడుతుంది" అన్నారు స్వామి.

రేవణయ్య దోటి పట్టుకున్నాడు. గురువుగారి చేతిలో ఉన్న వస్తువును పట్టి లాగడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"తొమ్మిదేళ్ళు అయ్యవారూ! బిడ్డను సాకినట్టు సాకాను. నాకు ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదా? దేవుడికి తాంబూలం ఇక ఎక్కడిది? వచ్చిన వాళ్ళకు ఏం పెట్టాలి?"

"తొమ్మిదేళ్ళు నేనూ నమిలాను రేవణా. ఆకు బాగుండేది."

ఆ మాట అని స్వామి దోటి అతని చేతుల్లోనే వదిలేశారు. రాలిన కొమ్మల్ని పోగుచేసి, మోపు కట్టి, తానే నెత్తికి ఎత్తుకున్నారు. ముసలి మెడ బరువుకు పక్కకు వాలింది. అలాగే కొట్టం వైపు నడిచారు. రేవణయ్య వెంటపడ్డాడు. ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియడం లేదు. ఇది పిచ్చి అన్నాడు. ఇది పాపం అన్నాడు. సంచారాలు తిరిగొచ్చే వాళ్ళకు పెంచేవాడి కష్టం ఏం తెలుస్తుందన్నాడు. వాకిలి ఊడ్చేవాళ్ళు చీపుర్లు ఆపి చూస్తున్నారు.

మోపు కొట్టంలో పడగానే ఇరవై రెండు ఆవులూ ఒక్కసారి లేచాయి. పడుకున్నవి తడబడుతూ లేచాయి. పలుపులు తెగిపోతాయేమో అన్నంతగా మెడలు చాచాయి. ఆకు ఒక్కటే కాదు, రెమ్మల్ని, చివరికి బెరడును కూడా పటపట నమిలాయి. చూపు ఆనని ఎర్రావు వాసన పట్టుకుని మోపులో తల దూర్చింది.

"వీటికి మేత లేదా?" రేవణయ్య అరిచాడు. "చొప్ప ఉంది! పిండి ఉంది! దేవుడి తోట నరికి పశువుల పాలు చేస్తే చూస్తూ ఊరుకోమంటారా?"

స్వామి చెమట తుడుచుకున్నారు. శిష్యుడి వైపు తిరిగారు.

"నిన్నటి కోపం సుంకులమ్మ కోసమన్నావు. ఇవాళ్టిది ఎవరికోసం?"

రేవణయ్య తోట వైపు చూశాడు. "దూడలు గుడ్డివి పుట్టడానికీ నా తోటకూ ఏం సంబంధం?" అన్నాడు.

"అది నాకూ సగమే తెలుసు. బాగా తెలిసిన మనిషిని నిన్న వెళ్ళగొట్టాం. పోయి అడుగు."

"వెళ్ళగొట్టింది శరభప్ప!"

"పోయి అడుగు" అన్నారు స్వామి, ఇంకో మోపుకోసం తోట వైపు వెళుతూ.

సుంకులమ్మ వెళ్ళి తలదాచుకున్న అన్నగారి ఊరు మఠానికి కోసెడు దూరం. రేవణయ్య వెళ్ళేసరికి ఎండ చుర్రుమంటోంది. ఆమె పంచలో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. అతన్ని చూసి లేవలేదు. చేట ఆపలేదు.

"రా సామీ. నా కోసం శరభప్పతో కొట్లాడినావంటనే. ఊరంతా అదే చెప్పుకుంటాండారు."

అంత దిగులులోనూ ఆ మాట రేవణయ్యకు కాస్త హాయిగా తగిలింది.

"అన్యాయం చూసి ఊరుకోలేకపోయాను తల్లీ."

చేట ఆగింది.

"ఊరుకోలేవా? పోయిన కార్తీకంలో ఊరుకున్నావే?"

"కార్తీకంలోనా? ఏం జరిగింది?"

"ఏం జరిగిందని నన్నే అడుగుతాండావా?" సుంకులమ్మ చేట పక్కన పెట్టేసింది. నిన్న అంతమంది ముందు వినపడని గొంతు ఇప్పుడు వినపడింది. "మూడావులు చూడితో ఉండె. మునిమాపయితే గుంజలకు గుద్దుకుంటా ఉండె. మా అత్త కాలంలో పెద్ద కరువు వచ్చినప్పుడు అచ్చం ఇట్లే చూసినా. పొట్ట నిండా చొప్ప తిన్నా సరే సామీ, నెలల తరబడి పచ్చి అనేది తగలకపోతే ముందు రేచీకటి వస్తాది. ఆ మీద కడుపులో దూడకు తగులుతాది. చూడావులకు మాత్రం రోజుకు రెండు కట్టలు అవిసాకు ఇయ్యి సామీ అని నీ కంచె కాడ నిలబడి అడిగినా. ఒక తూరి కాదు. మూడు తూర్లు అడిగినా."

రేవణయ్యకు మొదట ఏమీ గుర్తు రాలేదు. తర్వాత ఒక పొద్దుటి పూట గుర్తొచ్చింది. తాను వంగి తీగకు నార కడుతున్నాడు. కంచె అవతల ఎవరో నిలబడి ఏదో అడుగుతున్నారు. తాను తల తిప్పలేదు. "ఇది దేవుడి తోట తల్లీ, పశువుల తోట కాదు" అన్నాడు. బాగా చెప్పానని అప్పుడు తనలో తాను నవ్వుకున్నాడు కూడా.

"ఎండలు ముదిరినాక నీళ్ళు కూడా అడిగినా" అంది సుంకులమ్మ. "మధ్యాన్నం ఒక తూరి కాలువ మడవ తొట్టి పక్కకు తిప్పమంటి. ఎండు చొప్ప తిన్న పశువుకు నీళ్ళు లేకుంటే తిన్నది కడుపులో కదలదు. మీరు ఎంత పిండి తెచ్చి పోసినా మూతి పెట్టదు. తోటకు తడి అయినాక మిగిలితే చూద్దాంలే అంటివి. యా పొద్దన్నా మిగిలిందా సామీ?"

రేవణయ్య తల అడ్డంగా ఊపాడు.

"శరభప్పకు ఏమీ తెలీదు. తెలీక వాగినాడు. వాని మీద నాకు కోపం లేదా అంటే ఉంది, చచ్చేదాకా ఉంటాది. కానీ వానికి నేను చెప్పలేదు. నీకు చెప్పినా. నోరు తెరిచి, చేతులు జోడించి చెప్పినా. నువ్వు లేచి నా మొగం కూడా చూడలేదు. నిన్న మాత్రం ఊరంతా వినేటట్టు అరిసినావంట." ఆమె గొంతు కిందికి దిగింది. "నేను కొట్లాట అడగలేదు సామీ. ఆకు అడిగినా."

రేవణయ్య ఆమె ఎదుట నేల మీద చతికిలబడ్డాడు.

"అయ్యవారు ఈ పొద్దున అవిసె కొమ్మలు నరికి ఆవులకు వేశారు."

"వేసినారా?" ఆమె మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. "ఎర్రావు తినిందా?"

"తింది. రోజూ వేస్తే చూపు వస్తుందా తల్లీ?"

"ఆవులకు వస్తాది. పది పదహైదు దినాల్లో తెలుస్తాది."

"దూడలకు?"

ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"రాదు. అది కడుపులో ఉన్నప్పుడు అందాల్సింది. ఇప్పుడు గంపలు గంపలు పోసినా రాదు."

రేవణయ్య ఆమెను తిరిగి రమ్మని అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. శరభప్ప చేత క్షమాపణ చెప్పిస్తానన్నాడు.

"వాని మాట నాకెందుకు?" అంది సుంకులమ్మ. "వాడు ఇయ్యాల తప్పంటాడు, రేపు నాలుగో దూడ గుడ్డిదయితే మళ్ళీ నన్నే అంటాడు. దూడల చూపు ఎందుకు పోయిందో తెలిసినోడివి నువ్వు. నన్ను నిలబెట్టిన కాడ నిలబడి, అంత మంది ముందర నువ్వు చెప్పు. అప్పుడొస్తా."

సోమవారం దాకా ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ రేవణయ్య తెల్లవారకముందే కపిల దగ్గరికి వెళ్ళి, మొదటి నీళ్ళు తొట్టికి మళ్ళించాడు. మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి మళ్ళీ మడవ తిప్పాడు. ఒక్కో ఆవు మూడు కడవలు, నాలుగు కడవలు తాగుతుందని అతనికి అప్పటిదాకా తెలియదు. ముసలావు అయితే తొట్టిలో మూతి పెట్టి ఎంతసేపటికీ తల ఎత్తలేదు. అది తాగుతుంటే గొంతు కింద గుటకలు కదలడం చూస్తూ నిలబడేవాడు. తోటలో తీగలు ఒక్కో వరసే ముడుచుకుని నల్లబడ్డాయి.

సోమవారం జనం వచ్చారు. సుంకులమ్మ వాకిలి బయటే, దారి పక్కన నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు.

శరభప్ప ఆమెను నిలబెట్టిన చోటే రేవణయ్య నిలబడ్డాడు. ఇంతకుముందు అక్కడ గొంతెత్తినప్పుడల్లా మాటలు వాటంతటవే వచ్చేవి. ఇవాళ ఒక్కో మాటా లోపలి నుంచి తవ్వి తీయాల్సి వచ్చింది.

"మూడు దూడలు గుడ్డివి పుట్టింది ఈమె చేయి తగిలి కాదు. చూడి ఆవులకు పచ్చి ఆకు కావాలని, నీళ్ళు కావాలని ఈమె నన్ను మూడుసార్లు అడిగింది. నా తోటలో ఆకు ఉంది, కాలువలో నీళ్ళు ఉన్నాయి. నేను ఇవ్వలేదు. ఆ దూడలకు తగిలిన చేయి నాది."

వాకిట్లో గుసగుసలు లేచాయి. శరభప్ప గబగబా దగ్గరికొచ్చి అతని జబ్బ పట్టుకున్నాడు.

"ఏం మాటలివి? జనం ముందు మఠం పరువు తీస్తావా? ఏదో కరువు వల్ల అయిందని చెప్పెయ్!"

"కరువు నా తోటలోకి రాలేదు శరభప్పా" అన్నాడు రేవణయ్య.

పోయిన వారం అతని భుజం తట్టిన ముసలాయన ముందు వరసలోనే ఉన్నాడు. ఈసారి తట్టలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "పసిదూడల కళ్ళు పోగొట్టి తాంబూలం పంచినాడు" అన్నారు. రేవణయ్య ఆ మాట విన్నాడు.

సుంకులమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. అతన్ని చూడలేదు, శరభప్పను అసలే చూడలేదు. నేరుగా కొట్టంలోకి వెళ్ళింది. క్షణంలో అక్కడినుంచి కేక వినపడింది.

"తొట్టికి పాచి పట్టి ఎన్నాళ్ళయింది? ఈ కంపు నీళ్ళు మీరు తాగుతారా? కొబ్బరిపీచు తీసుకు రాండి!"

రేవణయ్య పీచు తీసుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత ఎనిమిదో రోజు మునిమాపున ఎర్రావు కొట్టంలోకి వస్తూ గుంజ దగ్గర ఆగింది. తల కాస్త పక్కకు తిప్పి, గుంజను తప్పించుకుని లోపలికి వెళ్ళింది. పేడ మెత్తబడింది. చింపిరి వెంట్రుకలు రాలి నున్నటి బొచ్చు వచ్చింది. ఆకుతోటలో సగం పోయింది. తాంబూలం దొరకని భక్తులు కొందరు మఠం పాడైపోయిందని కోపగించుకుని వెళ్ళారు. కోపగించుకునే వాళ్ళకు రేవణయ్య మంచినీళ్ళు ఇచ్చేవాడు. అంతకు మించి ఏమీ చెప్పేవాడు కాదు.

గుడ్డి దూడలు మూడూ గుడ్డివిగానే పెరిగాయి. సుంకులమ్మ నాలుక చప్పరిస్తే ఆ చప్పుడు పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చేవి. మొదట్లో రేవణయ్య వాటి వైపు చూడలేకపోయేవాడు. ఒక రోజు సుంకులమ్మ కసిరింది. "నువ్వు ఏడిస్తే వాటికేమొస్తాది? చప్పరించడం నేర్చుకో. నేను లేనినాడు ఎవరు పిలుస్తారు వాటిని?" నేర్చుకున్నాడు.

శ్రావణంలో రెండు జల్లులు పడ్డాయి. ఆ నెలాఖరున, మిట్టమధ్యాహ్నం వేళ పుల్లావు ఈనింది. గుడ్డి దూడల తర్వాత అదే మొదటి ఈత.

కబురు తెలిసి మఠం మొత్తం కొట్టం ముందుకు వచ్చింది. శరభప్ప వచ్చాడు. వంటవాళ్ళు వచ్చారు. మరుళయ్య స్వామి చేతికర్ర పట్టుకుని వెనకగా నిలబడ్డారు. దూడ తడితడిగా గడ్డి మీద పడి ఉంది. తల్లి నాకుతోంది.

సుంకులమ్మ దూడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అరచేయి దాని కళ్ళ ముందు మెల్లగా అటూ ఇటూ ఆడించింది. ఆపింది. మళ్ళీ ఒక్కసారి గబుక్కున దగ్గరికి తెచ్చింది.

దూడ ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది. తర్వాత ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది.

జనంలో కలకలం లేచింది. శరభప్ప రెండు చేతులూ జోడించి దేవుణ్ణి పిలిచాడు. వంటవాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. రేవణయ్య ముందుకు వచ్చాడు. "ఇదంతా అయ్యవారి..." అని మొదలుపెట్టాడు.

"ఏం చూస్తాండారు మీరంతా?" సుంకులమ్మ గర్జించింది. "ఈనిన ఆవు దప్పికతో నాలుక చాస్తాంది, కనపడలేదా? దూడకు కళ్ళొచ్చినాయి, మీకు లేవా? ముందు దానికి నీళ్ళు తెచ్చేదెవరు?"

రేవణయ్య మాట సగంలో మింగేసి కడవ కోసం వెనక్కి తిరిగాడు. తొట్టి పక్కన కడవ లేదు. గోడకు ఆనించిన చేతికర్ర ఒకటి కనిపించింది.

మరుళయ్య స్వామి అప్పటికే కడవ భుజాన పెట్టుకుని, ఎండలో బావి వైపు నడుస్తున్నారు.